నాన్న ఇచ్చిన రెండో నంబరు

ఆ రోజుల్లో అనగానే మీరు కిరసనాయిలు దీపాల దాకా వెళ్ళిపోకండి. నేను చెప్పబోయేది నిండా పదేళ్ళు కూడా కాని మాట. అయినా అవి వేరే రోజులే. ఇప్పుడు నెట్ అంటే ఇంట్లో కుళాయి నీళ్ళు. అప్పుడు మా ఇంట్లో అది ఆస్తి. ఫోన్ల కంపెనీ ఒకటి, నెట్‌తో ఏం చేయాలో జనానికి ఇంకా తెలియని కాలంలో, ఎంత వాడుకున్నా అడిగేవాడు లేని ప్లాన్ ఒకటి పెట్టింది. జనం నేర్చుకున్నాక లెంపలేసుకుని, కొత్తవాళ్ళకి ఇవ్వడం మానేసింది. పాతవాళ్ళకి మాత్రం వాళ్ళంతట వాళ్ళు మార్చుకునేదాకా ఉంచుతానంది. బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లో మా సందు మొత్తానికి ఆ ప్లాన్ మిగిలింది మా ఒక్క ఇంట్లోనే. మిగతావాళ్ళు ఏదో ఒక ఆఫర్‌కి లొంగిపోయారు. మేం లొంగలేదు. ఈ సంగతి నేను మా రైల్వే ఆఫీసులో టీ తాగే ప్రతిసారీ చెప్పేదాన్ని. (మా సెక్షన్ హెడ్ క్లర్కు బడేబాబు ఒకసారి, "పెళ్ళివారొస్తే ముందు ఈ ప్లాన్ సంగతి చెప్పండి మేడమ్‌జీ" అన్నాడు. చాలా రోజుల దాకా నేను దాన్ని పొగడ్త అనుకున్నాను.)

అప్పటికి నేను క్లర్కుగా చేరి ఏడాది. ప్రపంచంలో నాకు తెలియనిది లేదన్న నమ్మకం ఉండే వయసు. నంబరు నాన్న పేరు మీద ఉండేది. ఫోను పగలంతా నాన్న దగ్గర, సాయంత్రం అమ్మ దగ్గర. దాని నెట్ మీద బతికేదాన్ని నేను. తెల్లవారుజామునే లేచి, ఆ ఫోన్ లోంచి నా ఫోన్‌కి నెట్ లాక్కుని, దుప్పటి ముసుగులో సముద్రాల అవతలి దేశాల సీరియళ్ళు చూసేదాన్ని. డిపార్ట్‌మెంట్ పరీక్షకి చదువుతున్నానని అమ్మ ఆ చలిలో నాకు పాలు కాచి ఇచ్చేది. ఆ పాలు తాగినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

నాన్న రిటైరయిన స్టేషన్ మాస్టరు. చివరి పన్నెండేళ్ళు దగ్గర్లోని గతౌరా స్టేషన్‌లో చేశాడు. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత ఈ ఊరు వచ్చి రైల్వేలో చేరాడు, తర్వాత నాన్న, ఆ తర్వాత నేను. రిటైరయినా నాన్న డ్యూటీ దిగలేదు. స్టేషన్‌లో ఒక పద్ధతి ఉంది. దిగే మాస్టరు జరిగిందంతా డైరీలో రాసిపెడతాడు. ఎక్కే మాస్టరు అది చదివి, కింద సంతకం పెట్టి చార్జి తీసుకుంటాడు. నాన్న కూరలకి బజారుకెళ్ళినా, "గ్యాస్ బంద్. వెనక తలుపు గడియ ఏసుంది. పాలు ఇంకా రాలేదు" అని డైరీలో రాసి అమ్మ ముందు పెట్టేవాడు, సంతకం కోసం. "నీ తలకాయ" అనేది అమ్మ. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ ఒక్క సంతకం కూడా పెట్టలేదు. ఆయన పెట్టడం మానలేదు.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి, ఈ కథంతా దాని మీదే నడుస్తుంది. రైలు వస్తోంది గేటు వెయ్యమని మాస్టరు ఫోన్ చేస్తే, వేశానని గేట్‌మ్యాన్ నోటితో అంటే చాలదు. తన దగ్గరున్న కాగితంలోంచి ఒక నంబరు చదవాలి. ఈయన దాన్ని తిరిగి పలకాలి, టైముతో సహా రాసుకోవాలి. అప్పుడే సిగ్నల్. పక్క స్టేషన్ల వాళ్ళు అడిగితే మాస్టరూ అలాగే నంబరు ఇవ్వాలి. ఫోన్‌లో నంబరు ఇవ్వడమంటే ప్రాణం అడ్డుపెట్టి మాట ఇవ్వడం. సర్వీసు మొత్తంలో నాన్న ఒక్క తప్పు నంబరు ఇవ్వలేదు. పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళకి పరిచయం చేసుకునేటప్పుడు పేరు తర్వాత ఆ మాటే చెప్పేవాడు.

ఇక అమ్మ. అసలు ఆ ప్లాన్ ఎవరి కోసమో చెప్పాలంటే అమ్మ సంగతి చెప్పాలి. టెక్కలి దగ్గర పల్లెలో మా పిన్ని ఉంటుంది. అంగన్‌వాడీలో పని. పగలంతా పిల్లల గోలలో గడిచిపోతుంది. బాబాయి పోయాక సాయంత్రాలే ఆవిడని మింగేసేవి. ఇంటికొచ్చి, దీపం పెట్టి, అలాగే గుమ్మంలో కూర్చుండిపోయేదిట. పొయ్యి వెలిగించేది కాదు. రెండు నెలల్లో సగమైపోయింది. అమ్మకి ఎవరో చెప్పారు. ఆ సాయంత్రం అయిదింటికి అమ్మ వీడియో కాల్ చేసి, ఫోన్‌ని చింతపండు జాడీకి ఆనించి నిలబెట్టి, "నువ్వేటీ మాటాడక్కర్లేదు. పొయ్యి ఎలిగించు. నేను చూస్తుంటాను" అంది. అంతే. ఆ రోజు నుంచి రోజూ అయిదు నుంచి ఎనిమిది దాకా రెండు వంటిళ్ళూ ఒకదానికొకటి తెరిచి ఉండేవి. మాటలు పెద్దగా ఉండేవి కావు. "ఉప్పేసేవా?" "ఏసేను అప్పా." (మా వైపు అక్కని అప్ప అంటారు.) పావుగంట నిశ్శబ్దం. పోపు చిటపట అక్కడిదో ఇక్కడిదో తెలిసేది కాదు. పిన్ని కంచంలో అన్నం పెట్టుకుని తినడం మొదలుపెట్టాకే అమ్మ ఫోన్ తీసేది. ఆ మూడు గంటలు లేకపోతే పిన్ని తినదు. ఇది మా ఇంట్లో ఎవరూ పైకి అనని, అందరికీ తెలిసిన విషయం.

అలాంటిది, ఆ ఫోన్‌కే జబ్బు చేసింది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోతే నాన్న రబ్బరు బ్యాండు వేశాడు. తర్వాత కెమెరా పాడయింది. "అప్పా, నీ మొకం నీలంగా అవుపిస్తంది. ఒంట్లో బాగుందా?" అని పిన్ని కంగారు. బాగానే ఉన్నానని అమ్మ, కాదు దాస్తున్నావని పిన్ని. నేను కొత్త ఫోన్ కొనేశాను. మొదటి ఏడాది ఉద్యోగంలో ఇంటికి నేను చేసిన పెద్ద పని అదే, ఊరంతా చెప్పాను. తీరా కొన్నాక చూస్తే పాత సిమ్ దాంట్లో పట్టదు, పనిచెయ్యదు. కొత్త సిమ్ తీసుకోవాలి. సిమ్ మారిస్తే ప్లాన్ ఉంటుందా, పోతుందా? ఇంట్లో ముగ్గురం రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

బుధవారీ బజారులో కంపెనీ దుకాణానికి నాన్నా నేనూ వెళ్ళాం. కౌంటర్‌లో ఉన్నావిడ ఓపిక గల మనిషి. "సిమ్ బదల్నే సే ప్లాన్ నహీ జాతా అంకుల్‌జీ. ప్లాన్ బదల్నే సే జాతా హై" అంది. సిమ్ మారిస్తే పోదు, ప్లాన్ మారిస్తేనే పోతుందని. నాన్న డైరీ తీశాడు. ఆ మాట ఆవిడ చేత మళ్ళీ చెప్పించాడు. టైము వేసి రాశాడు. డైరీ ఆవిడ వైపు తిప్పి పెన్ను ఇచ్చాడు. ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ మీది బొమ్మ చూశాను. సంతకం పెట్టింది పాపం. వెనక వరుసలో ఉన్నవాళ్ళు కూడా తమ కాగితాల మీద సంతకం పెట్టమంటారేమోనని భయపడింది కాబోలు, మమ్మల్ని త్వరగా పంపేసింది. రేపు కంపెనీ నుంచి ఫోన్ వస్తుందని, ఫోన్‌కి ఒక నంబరు వస్తుందని, అది చదివి చెబితే కొత్త సిమ్ పనిచేస్తుందని చెప్పింది.

మర్నాడు నాకు డ్యూటీ. నాన్న ఒక్కడూ ఏం తికమక పడతాడోనని నాకు బెంగ. ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. (నాకు గొప్ప ఆలోచనలు వచ్చినప్పుడల్లా అమ్మ దేవుడి గది వైపు చూసేది. ఆ రోజూ చూసింది.)

"నాన్నా, అది కంపెనీ ఫోన్ అనుకోకు. కంట్రోల్ ఫోన్ అనుకో. నంబరు అడిగితే చదువు, తిరిగి చెప్పించుకో, టైము రాసుకో. బస్, అంతే."

(కంట్రోల్ అంటే స్టేషన్ మాస్టర్లందరికీ ఆర్డర్లిచ్చే పై ఆఫీసు.) నాన్న అన్నం కలపడం ఆపి నా వైపు చూశాడు. వెన్ను నిటారుగా అయింది. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదేటి" అన్నాడు.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్న వరండాలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఇంట్లో ఉండి. మొహం వెలిగిపోతోంది. రిటైరయ్యాక ఆ మొహం చూడటం అదే మొదలు.

"అయిపోయిందా నాన్నా?"

"పక్కాగా. పదకొండూ ఇరవైకి ఒక ఫోను. నంబరు ఇచ్చేను, తిరిగి చెప్పింది, సరి. నాలుగూ అయిదుకి ఇంకో ఫోను. ఆ నంబరూ ఇచ్చీసేను."

"రెండోదేంటి?"

"అదీ కంపెనీయే. వేరే అమ్మాయి. కన్‌ఫర్మ్ చెయ్యాలి, నంబరు చెప్పండి అంది. ఒక్కో అంకే విడదీసి చెప్పేను. రెండుసార్లు పలికించేను. మంచి గొంతు. మన గతౌరాలో ఉంటే పనికొచ్చును."

నాన్న పక్కనున్న ఫోన్ అందుకున్నాను. తెరిచి చూశాను. మెసేజ్ ఉంది. మీ కొత్త ప్లాన్‌కి స్వాగతం. ఇక మీదట రోజుకి ఇంత అని కొలత. అది దాటితే నెట్ ఆగుతూ ఆగుతూ నడుస్తుంది. పాత ప్లాన్ రద్దయినది. ధన్యవాదాలు. రెండో నంబరు ప్లాన్ మార్పుకి ఒప్పుకోలన్నమాట.

అయ్యో రామా అని పైకి అనబోయి నాలుక కరుచుకున్నాను. నాన్న నా వైపే చూస్తున్నాడు, శభాష్ కోసం. తప్పు ఎవరిది? కంట్రోల్ అనుకోమన్నది నేను. కంట్రోల్ అడిగితే ఎందుకని ఎదురడిగే మాస్టరు ఎక్కడైనా ఉంటాడా? రెండో ఫోన్ వస్తే ఏం చెయ్యాలో ఆయనకి నేను చెప్పలేదు. చెప్పాలని నాకు తోచలేదు. ఒక్క తప్పు నంబరు ఇవ్వని మనిషి చేత నేను ఇప్పించాను. ఆ సంగతి ఆయనకి ఎలా చెప్పను?

"బాగా చేశావు నాన్నా" అన్నాను.

మేడ మీదకి వెళ్ళి కంపెనీకి ఫోన్ చేశాను. బతిమాలాను, అరిచాను, చివరికి హిందీలో ఏడ్చాను కూడా. లాభం లేదు. పొద్దున్నే బుధవారీ బజారుకి పరుగెత్తాను. కౌంటర్ ఆవిడ నన్ను చూడగానే పెన్ను దాచేసింది. సంగతి విని నిజంగానే బాధపడింది. "నంబర్ దే దియా తో హో గయా మేడమ్" అంది. నంబరు ఇచ్చేశాక ఇక అయిపోయినట్టే అని. అచ్చం మా నాన్న అనాల్సిన మాట.

ఆ సాయంత్రమే దెబ్బ తగిలింది. పొద్దున నేను అలవాటు కొద్దీ రెండు ఎపిసోడ్లు చూసేశాను. పగలంతా నాన్న తన రైలు వీడియోలు చూశాడు. (రిటైరయిన స్టేషన్ మాస్టరు కాలక్షేపం అదే. ఎక్కడెక్కడి స్టేషన్లలోనో రైళ్ళు దూసుకుపోతుంటే, "సిగ్నల్ తియ్యడం ఆలస్యం చేసీసేడు ఎదవ" అని అక్కడి మాస్టరుని తిట్టుకోవడం.) ఆరున్నరకి నేను ఇంట్లో అడుగుపెట్టేసరికి వంటింట్లో చప్పుడు లేదు. ఫోన్‌లో పిన్ని మొహం నిలిచిపోయి ఉంది, గరిటె పైకెత్తి, నోరు సగం తెరిచి. దాని మీద తెల్లటి చక్రం తిరుగుతోంది. అమ్మ పొయ్యి కట్టేసి, ఆ నిలిచిపోయిన మొహం ఎదురుగా కూర్చుంది.

"ఏటయిందే దీనికి? కొత్త ఫోనే కదా. అదేటో చెప్పబోతంది, నాకు వినిపించలేదు."

"టవర్ పని చేస్తున్నారమ్మా" అన్నాను. అమ్మ నా వైపు ఒక క్షణం ఎక్కువ చూసింది. మామూలు ఫోన్ చేసి, "తిన్నావా? కంచం పెట్టుకో. నాకు మెతుకుల చప్పుడు వినపడాలి" అని పిన్నితో అంటోంది. నేను బయటికి వచ్చేశాను. అక్కడ నిలబడలేకపోయాను.

మర్నాటి నుంచి నేను సీరియల్ మానేశాను. పద్నాలుగో ఎపిసోడ్ మీద. కథానాయకుడికి జ్ఞాపకశక్తి పోయి, సొంత భార్యని ఎవరండీ మీరు అని అడిగిన చోట. ఇంకా రెండే మిగిలాయి. ఆ త్యాగం ఎంతటిదో అలాంటివి చూసేవాళ్ళకి తెలుస్తుంది. తెల్లవారుజామున అలవాటుగా మెలకువ వచ్చేది, చేసేందుకు ఏమీ లేదు, నిజంగానే పరీక్ష పుస్తకం తెరిచాను. అమ్మ పాలు యథావిధిగా వచ్చేవి.

వంటింట్లో కాల్ మళ్ళీ ఎనిమిది దాకా నడవడం మొదలైంది. నడవడమే కాదు, రోజూ కొలతలో బోలెడంత మిగులుతోంది. నేనొక్కదాన్ని మానితే అంత మిగలకూడదే! నా త్యాగం నేను అనుకున్నదాని కంటే గొప్పదన్నమాట అని మురిసిపోయాను. ఆ రోజుల్లో నా తెలివి అలా ఉండేది. నాన్న రైలు వీడియోలు చూడటం లేదని గమనించడానికి పది రోజులు పట్టింది.

"ఏం నాన్నా, రైళ్ళు చూడట్లేదు?"

"కళ్ళు మంటలెడతన్నాయి."

నాకు భయం వేసింది. సెలవు పెట్టి రైల్వే ఆసుపత్రికి లాక్కెళ్ళాను. డాక్టరు దీపాలు వేసి, చుక్కలు వేసి, అక్షరాలు చదివించాడు. నాన్న చిట్టచివరి వరుస దాకా గడగడా చదివేసి, ఆఖర్న గుర్తొచ్చినట్టుగా, "కాని మంట డాక్టర్‌సాబ్" అన్నాడు. కుర్రాడి కళ్ళలా ఉన్నాయి అని డాక్టరు. అయితే మంటెందుకు, మళ్ళీ చూడండి అని నేను. ఆ డాక్టరుతో పావుగంట పోట్లాడాను. ఇంటికొచ్చి చుక్కల మందు వేయబోతే అమ్మ, "ఆయన కళ్ళకేటీ లేదు, ఊరుకోయే" అంది. ఆవిడకి భర్త ఆరోగ్యం పట్టదని ఆవిడనీ నాలుగు మాటలన్నాను. నాన్న కిక్కురుమనకుండా నెలరోజులు ఆ మందు వేయించుకున్నాడు.

ఆ నెల నిండబోతుండగా గ్యాస్ బుకింగ్ నంబరు కోసం నాన్న డైరీ తిరగేశాను. ఆయన పూజలో ఉన్నాడు. ఆ రోజు పేజీ తగిలింది. నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలు. "11.20. నంబరు ఇచ్చితిని. తిరిగి చెప్పిరి. సరి. 16.05. నంబరు ఇచ్చితిని. తిరిగి చెప్పిరి. సరి." దాని కింద మర్నాటి తేదీ వేసి, ఎర్రసిరాతో ఇంకో నాలుగు వరుసలు.

"16.05 నాటిది ఇవ్వకూడని నంబరు. మెసేజ్ తర్వాత చదివితిని. ప్లాన్ పోయినది. తప్పు నాదే. పాప దాచుచున్నది. తెలిసినట్టు పాపకి తెలియరాదు, బాధపడును. రైలు వీడియోలు నేటి నుండి బంద్."

నేను అక్కడే, కింద కూర్చుండిపోయాను. ఎంత పిచ్చిదాన్ని! వచ్చిన ప్రతి కాగితం రెండుసార్లు చదివే మనిషి ఆ మెసేజ్ చదవకుండా ఉంటాడా? నేను శభాష్ అన్నాక చదివి ఉంటాడు. చదివి, నా మొహం చూసి, సర్వీసంతా నిలబెట్టుకున్న మాట పోయిందని తెలిసి కూడా, నాకోసం కళ్ళు మంటలన్నాడు. ఏ జబ్బూ లేని కళ్ళలో నేను నెలరోజులు మందు పోశాను. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, ఏది ముందో తెలియలేదు.

ఏం చెయ్యాలో తోచలేదు. వెళ్ళి చెబితే ఆయన దాచిందంతా వృథా. చెప్పకపోతే ఆ ఎర్రసిరా ఆయన ఒక్కడి మీదే ఉండిపోతుంది. చివరికి పెన్ను తీసుకుని ఆ నాలుగు వరుసల కింద రాశాను. "చదివితిని. కంట్రోల్ అనుకోమని చెప్పినది నేనే. చార్జి తీసుకొంటిని." సంతకం పెట్టి, తేదీ వేసి, డైరీ ఎక్కడిదక్కడ పెట్టేశాను.

మర్నాడు సాయంత్రం నేను చుక్కల మందు తెస్తే, నాన్న చేత్తో పక్కకి నెట్టి, "మంట తగ్గిపోయిందిలే" అన్నాడు. సీసా మూత బిగించి, "ఆడికి జ్ఞాపకం వచ్చిందేటి?" అన్నాడు. నేను దుప్పటి ముసుగులో ఏం చూసేదాన్నో కూడా ఆయనకి తెలుసన్నమాట. వంటింట్లోంచి అమ్మ నవ్వు వినబడింది. "ఏటప్పా, ఎందుకు నవ్వుతున్నావు?" అని ఫోన్‌లో పిన్ని. "ఇక్కడిద్దరు దొంగలు దొరికిపోయేరులే, తర్వాత చెప్తాను" అంది అమ్మ.

కాని ఒకటి గమనించాను. ఆ తర్వాత నాన్న ఫోన్‌లో ఎవరికీ ఏ నంబరూ ఇవ్వలేదు. గ్యాస్ వాడు అడిగినా, కొరియర్ వాడు అడిగినా ఫోన్ నా చేతికో అమ్మ చేతికో ఇచ్చేసేవాడు. పెళ్ళిళ్ళలో పేరు చెప్పి ఆగిపోయేవాడు.

రెండేళ్ళకి మా సందులోకి నెట్ తీగ వచ్చింది. బిగించడానికి వచ్చిన మనిషి పనంతా అయ్యాక, "అంకుల్‌జీ, ఫోన్ మే నంబర్ ఆయా హోగా, బతాయియే" అన్నాడు. ఫోన్‌కి వచ్చిన నంబరు చెప్పమని అడగ్గానే నాన్న ఫోన్ నా వైపు చాచాడు.

"నువ్వియ్యి. నేను డ్యూటీ దిగిపోయేను."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "నీ డైరీలో ఆ ఎర్రసిరా కింద ఎవరు సంతకం పెట్టారో నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆ తప్పు నా చార్జిలోది. ఈ నంబరు నీది. ఇయ్యి నాన్నా."

నాన్న నా వైపు చూశాడు. చదువుకునే కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. గొంతు సవరించుకుని ఒక్కో అంకే విడదీసి చదివాడు. ఆ మనిషి సరే అన్నాడు. "సరే కాదు. ఫిర్ సే బోలో" అన్నాడు నాన్న, గతౌరా అంతా వినబడేటంత గొంతుతో. ఆ మనిషి అదిరిపడి నంబరంతా తిరిగి అప్పజెప్పాడు. నాన్న గడియారం చూసి, నీలం సిరాతో డైరీలో రాసి, పెన్ను అమ్మ ముందు పెట్టాడు. అమ్మ, "నీ తలకాయ" అంది. అని, ఆ ఒక్కసారికి సంతకం పెట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో నెట్‌కి కొలత లేదు. రెండు వంటిళ్ళూ ఇంకా అయిదింటికి తెరుచుకుంటాయి. మేం వద్దన్నా నాన్న రైళ్ళు చూస్తాడు, అక్కడి మాస్టర్లని తిడతాడు. నేను ఆ పరీక్ష మొదటిసారే పాసయ్యాను, ఆఫీసులో నా తెలివితేటలకి ఉదాహరణగా నేనే చెబుతుంటాను. పరీక్షకి చదివింది చూడటానికి ఏమీ లేకేనని మాత్రం చెప్పను. ఆ సీరియల్ చివరి రెండు ఎపిసోడ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు. ఇప్పటిదాకా చూడలేదు.